పుస్తకాన్ని మోసింది గుర్రం, గుర్రాన్ని నడిపింది జీతం

2019లో ఇంగ్లీషులో రెండు చారిత్రక నవలలు వెలువడ్డాయి. ఒకటి బ్రిటిష్ రచయిత్రి జోజో మోయెస్ రాసిన ‘ద గివర్ ఆఫ్ స్టార్స్’. రెండవది అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికే చెందిన కిమ్ మిషెల్ రిచర్డ్‌సన్ రాసిన ‘ద బుక్ ఉమన్ ఆఫ్ ట్రబుల్‌సమ్ క్రీక్’. రెండింటి వస్తువూ ఒక్కటే. 1930లలో, ఆర్థిక మాంద్యం అమెరికాను కుంగదీసిన రోజుల్లో, కెంటకీ తూర్పు కొండల్లోని మారుమూల గుడిసెలకు గుర్రాల మీద, కంచర గాడిదల మీద పుస్తకాలు చేరవేసిన స్త్రీల కథ అది.

ఈ నవలలను మేము చదివాము, మెచ్చుకున్నాము. మన ఇళ్లలోని ఆడపిల్లలు వీటిని చదవాలని కూడా కోరుకుంటున్నాము. మాకు పేచీ నవలలతో కాదు, ఇలాంటి కథలను అడ్డం పెట్టుకొని వేదికల మీద చెప్పే నీతితో. ‘ఆ స్త్రీలు ఎంత త్యాగం చేశారో చూడండి. వానలో, మంచులో, సొంత గుర్రం మీద పుస్తకాలు మోశారు. మీ సముదాయంలో అటువంటి సేవాభావం గల స్త్రీలు నలుగురు ముందుకు వస్తే మీ బస్తీలకూ పుస్తకాలు రాకపోతాయా?’ ఇదీ ఆ నీతి. వినడానికి ఇంపుగానే ఉంటుంది. చప్పట్లు కూడా పడతాయి. కాని చరిత్ర చెప్పేది ఇది కాదు.

ఆ స్త్రీలు త్యాగం చేయడానికి గుర్రమెక్కలేదు. ఉద్యోగం చేయడానికి ఎక్కారు. నెలకు 28 డాలర్ల జీతం తీసుకున్నారు. ఆ జీతం ఇచ్చింది ధర్మాత్ములు కారు, అమెరికా కేంద్ర ప్రభుత్వం. జీతం ఉన్నన్నాళ్లూ గుర్రాలు నడిచాయి. జీతం ఆగిన నాడు గుర్రాలూ ఆగాయి. పుస్తకం పేదవాని గడప దాకా రావాలంటే దాన్ని తెచ్చే మనిషికి జీతం ఉండాలని, ఆ జీతానికి వెనుక చట్టం ఉండాలని చెప్పడానికే ఈ వ్యాసం.

కొండల్లో జరిగినది

కెంటకీ తూర్పు భాగం అప్పలాచియన్ కొండల సీమ. బొగ్గు గనులు, ఇరుకు లోయలు, ఎక్కడ చూసినా వాగులు. రోడ్డు లేని చోట వాగు గర్భమే బాట. ఆ వాగుల పేర్లే అక్కడి బతుకును చెబుతాయి. ట్రబుల్‌సమ్ క్రీక్ అంటే తిప్పలు పెట్టే వాగు. కట్ షిన్ క్రీక్ అంటే ముంగాలిని కోసే వాగు. మాంద్యం వచ్చేసరికి గనుల్లో పని పోయింది. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లు ఊరూరా కనిపించాయి.

చదువు సంగతీ అంతే. 1930లలో ఆ రాష్ట్ర జనంలో సుమారు 63 శాతం మందికి ప్రజా గ్రంథాలయం అందుబాటులో లేదు. తలకు ఏటా 5 నుంచి 10 పుస్తకాలు పాఠకుల చేతికి వెళ్లాలని అమెరికా గ్రంథాలయ సంఘం ప్రమాణం పెట్టుకోగా, 1935లో కెంటకీలో వెళ్లినది తలకు ఒక్క పుస్తకమే.

ఆ సంవత్సరమే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగులకు పని కల్పించేందుకు వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థను నెలకొల్పింది. రోడ్లు, వంతెనలు, బడి భవనాలు కట్టించిన సంస్థ అది. బరువు పనులు మగవారికి దొరికాయి. కుటుంబ భారం నెత్తిన పడ్డ స్త్రీలకు ఏ పని ఇవ్వాలన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఒకటి ప్యాక్ హార్స్ లైబ్రరీ, అంటే గుర్రపు గ్రంథాలయం. 1935 నుంచి 1943 వరకు అది నడిచింది.

ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగజీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మాకు ఆ పథకం కట్టుబాటు ఆసక్తిగా తోచింది. ప్రతి కేంద్రానికీ ఒక గుమస్తా లేదా ప్రధాన గ్రంథపాలకురాలు. ఆమె కింద నలుగురి నుంచి పదిమంది వరకు పుస్తక వాహకులు. కేంద్రానికి చోటు చూపించవలసింది స్థానికులు. చర్చిలో ఒక గదో, పోస్టాఫీసులో ఒక మూలో ఇచ్చేవారు. పుస్తకాలు సమకూర్చవలసిందీ జనమే. కేంద్ర నిధులతో పుస్తకాలు కొనడానికి వీల్లేదు, అవి జీతాలకు మాత్రమే. గుర్రమో కంచర గాడిదో వాహకురాలిదే. సొంతానికి లేనివారు అద్దెకు తెచ్చుకున్నారు. ఒక్కొక్కరు వారానికి 100 నుంచి 120 మైళ్లు, అంటే 160 నుంచి 190 కిలోమీటర్ల దాకా తిరిగేవారు. 1936 నాటికి ఈ స్త్రీలు 50,000 కుటుంబాలకు పుస్తకాలు అందించారు. 1937 నాటికి 155 బడులకు వారి సంచులు చేరాయి.

వచ్చిన పుస్తకాలు చాలావరకు ఇతర ఊళ్లవారు వాడి వదిలేసినవి. చిరిగినవాటిని అతికారు. అతకడానికి వీలులేని పత్రికల నుంచి కథలు, వంటకాలు, కుట్టుపని నమూనాలు కత్తిరించి కొత్త పుస్తకాలుగా కుట్టారు. ఒక లోయలోని ఇల్లాళ్లు చెప్పిన వంటకం మరొక లోయకు అదే సంచిలో వెళ్లింది. చదువరులు పుట అంచులు మడవకుండా ఉండేందుకు పాత క్రిస్మస్ కార్డులను గుర్తుకాగితాలుగా పంచారు. ఇది సేవాభావం కాదని మేము అనడం లేదు. కడుపుకు ఇంత తిండి, చేతికి ఒక పని, ఆ పనికి ఒక మర్యాద దొరికిన మనిషిలో సేవాభావం తనంతట తానే పుడుతుందని అంటున్నాము.

దాత బతికినంత కాలం

ఈ పథకానికి 22 ఏళ్ల ముందే అదే కెంటకీలో అదే ప్రయత్నం ఒకటి జరిగింది. 1913లో పెయింట్స్‌విల్ పట్టణంలో మే స్టాఫర్డ్ అనే మహిళ గుర్రాల మీద పుస్తకాలు పంపే ఏర్పాటు చేసింది. ఆ ప్రాంతపు బొగ్గు వ్యాపారంలో కోట్లకు పడగలెత్తిన జాన్ మేయో అనే ధనవంతుడు డబ్బిచ్చాడు. మరుసటి ఏడు, 1914లో, మేయో చనిపోయాడు. దానితో ఆ గ్రంథాలయమూ ముగిసిపోయింది.

త్యాగబోధ చేసేవారు ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆశయంలో లోపం లేదు. ఆ స్త్రీ పట్టుదలలో లోపం లేదు. లోపమల్లా పునాదిలో ఉంది. ఒక మనిషి దయ మీద నిలబడిన గ్రంథాలయం ఆ మనిషి ఊపిరితోపాటు పోయింది. తరువాత 20 ఏళ్లు ఆ కొండల్లో పెరిగిన పిల్లలు గుర్రం గిట్టల చప్పుడు వినలేదు.

1935 నాటి పథకం దాత మీద కాక ప్రభుత్వ ఉత్తర్వు మీద నిలబడింది. కాబట్టి ఎనిమిదేళ్లు నడిచింది. కాని ఉత్తర్వుకూ ఒక ఆయుష్షు ఉంటుంది. యుద్ధం వచ్చి కర్మాగారాల్లో పని పెరగగానే, నిరుద్యోగం తగ్గిందన్న కారణంతో 1943లో ఆ సంస్థను మూసివేశారు. సంస్థతోపాటు గుర్రపు గ్రంథాలయమూ మూతపడింది. లోయల్లో పుస్తకాల కోసం ఎదురుచూసేవారు తగ్గారా అని ఎవరూ అడగలేదు. పథకం పుట్టింది నిరుద్యోగాన్ని తగ్గించడానికి. చదువుకొనే హక్కును నిలబెట్టడానికి కాదు. లెక్క కుదిరింది, ఫైలు మూశారు.

గ్రామీణ గ్రంథాలయాలకు కేంద్ర నిధులు ఇవ్వాలని అమెరికాలో చట్టం వచ్చింది 1956లో. అంటే గుర్రాలు ఆగిన 13 ఏళ్లకు. దానం దాత బతికినంత కాలం ఉంటుంది. పథకం ఉత్తర్వు ఉన్నంత కాలం ఉంటుంది. చట్టం వెనుక ఉంటేనే పౌరుడు నిలదీసి అడగగలడు. కెంటకీ కొండలు మనకు నేర్పే పాఠం ఇదే.

నీలిరంగు స్త్రీ

ఇప్పుడు నవలల సంగతి. రెండింటిలో ఏది మేలైనదని మమ్మల్ని అడిగితే, మేము రిచర్డ్‌సన్ నవల వైపు మొగ్గుతాము. కారణం చెబుతాము.

మోయెస్ నవలలో మనం కెంటకీని చూసేది ఎక్కువగా ఆలిస్ అనే ఇంగ్లండు యువతి కళ్లతో. ఆమె ఒక గని యజమాని కొడుకును పెళ్లాడి బెయిలీవిల్ అనే కల్పిత పట్టణానికి వస్తుంది. ఊపిరాడని కాపురం నుంచి బయటపడే దారిగా గ్రంథాలయంలో చేరుతుంది. మామగారు పట్టణాన్ని తన గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషి. స్త్రీలు ఒంటరిగా తిరగడం, ఇల్లాళ్లకు వారి శరీరం గురించి, దాంపత్యం గురించి చెప్పే పుస్తకం రహస్యంగా చేతులు మారడం అతనికి కంటగింపు. కథ బిగువుగా నడుస్తుంది. స్నేహాలు, ప్రేమలు, ఒక హత్యారోపణ, ఒక కోర్టు విచారణ. చదువరి పుస్తకం కింద పెట్టడు. కాని ఆ బిగువులో జీతం సంగతి చదువరి మనసులోంచి మెల్లగా జారిపోతుంది. ధైర్యవంతులైన అయిదుగురు స్త్రీలు జ్ఞాపకం ఉంటారు. వారికి నెలనెలా వేతనమిచ్చి పంపిన ప్రభుత్వం జ్ఞాపకం ఉండదు. త్యాగబోధకు ముడిసరుకు ఇక్కడే దొరుకుతుంది.

రిచర్డ్‌సన్ నవలలో కథ చెప్పేది బయటి నుంచి వచ్చిన మనిషి కాదు. ఆ కొండల్లోనే పుట్టి, ఆ కొండలవారే వెలివేసినట్టు చూసే కసీ మేరీ కార్టర్. గని కార్మికుని కూతురు. ఆమె చర్మం నీలిరంగు. ఇది కల్పన కాదు. రక్తంలో ఒక లోపం వంశపారంపర్యంగా రావడం వల్ల నీలిరంగు చర్మం కలిగిన కుటుంబం ట్రబుల్‌సమ్ క్రీక్ ప్రాంతంలో నిజంగానే ఉండేది. వారిని చూసి జనం భయపడ్డారు, ఎగతాళి చేశారు. నవలలో కసీ మేరీని తెల్లవారిలో కలపరు, ‘రంగువారి’ కిందనే లెక్కిస్తారు.

తండ్రి ఆమెకు పెళ్లి చేసి ఒక ఇంటిదాన్ని చేయాలని తాపత్రయపడతాడు. ఆమెకు కావలసింది తన దారి, తన గాడిద, తన జీతం. రిచర్డ్‌సన్ ఈ సంగతిని దాచలేదు. ఆ 28 డాలర్లు లేకపోతే కసీ మేరీ ఎవరి దయకో తలవంచవలసినదే. ఎవరి కళ్లకు తాను చీడపీడగా కనిపిస్తుందో వారి గడపకే ఆమె వెళ్లి నిలబడగలిగింది, ఆమె చేతిలో ప్రభుత్వం పంపిన పుస్తకం ఉంది గనుక. కొందరు తలుపు తీయరు. కొందరు పుస్తకం అందుకుంటూ ఆమె చెయ్యి తగలకుండా జాగ్రత్తపడతారు. అయినా నెల తిరిగేసరికి వారే దారి వైపు చూస్తుంటారు.

నవలలో మాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించిన ఘట్టం వేరే ఉంది. వైద్యుడొకడు ఆమెకు ఒక మందు ఇస్తాడు. వేసుకుంటే నీలిరంగు పోయి చర్మం తెల్లబడుతుంది. ఒంటికి మాత్రం ఆ మందు పడదు. వాస్తవంలో ఆ చికిత్స 1960లలో వచ్చింది, రచయిత్రి దానిని కథ కోసం 1936కు తీసుకువచ్చింది. కసీ మేరీ ఆ బాధను ఓర్చుకొని తెల్లబడుతుంది. తెల్లబడ్డాక కూడా పట్టణం ఆమెను తనలో కలుపుకోదు. రంగు పోయింది, ముద్ర పోలేదు. ‘మీరు ఇలా మారండి, అలా మారండి, అప్పుడు మీకు అన్నీ వస్తాయి’ అని పొద్దస్తమానం వినే మనకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమర్చి చెప్పనక్కర లేదు. హక్కు అందాలంటే ముందు రూపం మార్చుకోవాలన్న షరతు పెట్టేవారు, రూపం మార్చుకున్నాక మరో షరతు వెతుకుతారు.

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. ఆనాటి కెంటకీ గ్రంథాలయ వ్యవస్థలో నల్లజాతివారికి వేరు గడప ఉండేది. లూయీవిల్ నగరంలో 1905లో నల్లజాతి పాఠకుల కోసం ప్రత్యేక శాఖను తెరిచారు. దానిని థామస్ ఫౌంటెన్ బ్లూ అనే నల్లజాతి గ్రంథపాలకుడు నడిపి, తన జాతి యువతీయువకులకు గ్రంథాలయ విద్యలో శిక్షణ కూడా ఇచ్చాడు. మోయెస్ నవలలోని సోఫియా ఆ నగరపు నల్లజాతి గ్రంథాలయంలో పనిచేసి వచ్చిన మనిషే. ఉన్నవారందరిలో పని తెలిసినది ఆమె ఒక్కతే. అయినా గుర్రమెక్కి ఊరి ముందు తిరిగే పాత్ర ఆమెది కాదు. నాలుగు గోడల మధ్య చిరిగిన పుస్తకాలు సరిచేసే పాత్ర ఆమెది. పేదలకు పుస్తకాలు పంచిన గొప్ప పథకం అని పొగిడేటప్పుడు, ఏ పేదలకు, ఎవరి చేతుల మీదుగా అన్న ప్రశ్న కూడా వేయాలి. ప్రభుత్వం డబ్బు ఇచ్చినంత మాత్రాన పంపకం సమానంగా జరగదు. అల్పసంఖ్యాకులు కళ్లు తెరుచుకొని లెక్క అడుగుతూ ఉంటేనే జరుగుతుంది.

తలుపు ఎలా తెరుచుకుంది

‘వాళ్లకు చదువు మీద ఆసక్తి లేదు’ అన్న మాట మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. కెంటకీ కొండవాసుల గురించి కూడా పట్నవాసులు అచ్చంగా ఇదే అన్నారు. మొరటువారని, బయటివారిని నమ్మరని, పుస్తకం చూపిస్తే పొయ్యిలో పెడతారని. జరిగినది వేరు. చదవడం రాని తల్లిదండ్రులు పిల్లల చేత బిగ్గరగా చదివించుకున్నారు. బడి లేని లోయలో వచ్చిన పుస్తకమే బడి అయింది.

అయితే తలుపు ఒక్కరోజులో తెరుచుకోలేదు. ఆ స్త్రీలు వెళ్లిన ఇళ్లు దైవభక్తి గల ఇళ్లు. కొత్త పుస్తకాలంటే అనుమానం. అందుకని మొదట బైబిల్ చదివి వినిపించారు. ఆ ఇంటివారు గౌరవించే గ్రంథాన్ని తామూ గౌరవంగా చేతిలోకి తీసుకున్నారు. నమ్మకం కుదిరాక రాబిన్సన్ క్రూసో వచ్చాడు, మార్క్ ట్వేన్ వచ్చాడు, వంటల పుస్తకం వచ్చింది, పసిపిల్లల ఆరోగ్యం గురించిన పుస్తకం వచ్చింది. మీ విశ్వాసం వదిలితేనే మీకు పుస్తకం అని ఎవరూ అనలేదు. పైగా ఆ వాహకులు ఎక్కువమంది ఆ ప్రాంతపు స్త్రీలే. వారి యాస అదే, వారి చుట్టరికాలు అక్కడే.

మన బస్తీలకు జ్ఞానం తెస్తామని వచ్చే పెద్దలు ఈ సంగతి గమనించాలి. గుమ్మంలో అడుగు పెట్టకముందే మన ఇంటి పద్ధతులను వెక్కిరించేవారి చేతిలో పుస్తకం ఉన్నా మా అమ్మీజాన్‌లు తలుపు తీయరు. అదే వీధిలో పెరిగిన మన పిల్ల సంచి భుజాన వేసుకొని సలాం చెప్పి వస్తే తీస్తారు. మన పెద్దలు కూడా ఒకటి గమనించాలి. ఆ కొండల్లో ఆడవారు ఊళ్లు తిరగడమేమిటని అడ్డుపడిన తండ్రులు, మామలు నవలల్లోనే కాదు, ప్రతి సముదాయంలోనూ ఉంటారు. పిల్ల ఉద్యోగానికి వెళ్తానంటే పరువు గుర్తుకు వచ్చి, పిల్ల పెళ్లికి కట్నం అడిగితే పరువు గుర్తుకు రాని పెద్దరికాన్ని మేము గౌరవించలేము.

కొన్ని అభ్యంతరాలు

మొదటిది, ‘ఫోనులో అన్నీ ఉన్నాయి కదా, ఇంకా పుస్తకాలు మోయడం ఎందుకు?’ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఎవరి జేబులో ఉంటుందో అందరికీ తెలుసు. తండ్రి జేబులోనో, అన్న జేబులోనో. పుస్తకం అలా కాదు. అది ఇంట్లోనే ఉంటుంది, వంటింట్లోకి వస్తుంది, అత్తా కోడలూ పంచుకుంటారు. పైగా ఆ సంచి తెచ్చే మనిషి రెండు వారాలకొకసారి వచ్చి, ‘మునుపటిది చదివావా, ఎలా ఉంది?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగే మనిషి ఉండడమే సగం చదువు.

రెండవది కొంచెం బరువైనది. ‘ప్రభుత్వం జీతమిస్తే ప్రభుత్వం చెప్పిందే చదవాలి. రేపు మన పిల్లల చేతికి ఏ పుస్తకాలు వస్తాయో!’ ఈ భయం ఊరికే పుట్టినది కాదు, దానిని మేము కొట్టిపారేయము. కాని కెంటకీ ఏర్పాటును మళ్లీ చూడండి. జీతం ప్రభుత్వానిది. చోటు స్థానికులది. పుస్తకాలు జనం ఇచ్చినవి. ఏది కావాలో అడిగింది చదువరులు. అధికారం ఒకే చేతిలో లేదు. జీతం తీసుకుంటూనే పుస్తకాల ఎంపికలో మన మాట ఉండేలా స్థానిక సంఘాన్ని పట్టుబట్టి సాధించుకోవచ్చు. అయితే ఆ ఏర్పాటులోని లోపాన్ని కూడా మనం నెత్తికెత్తుకోనక్కర లేదు. విరాళాల మీద ఆధారపడినందువల్ల ఆ కొండవాసులకు తరచు ఇతరులు పారేసినవే దక్కాయి. మనకు జీతంతోపాటు పుస్తకాలకూ నిధి కావాలి.

మూడవది, ‘ఆడవారు సేవగా చేస్తే పుణ్యం, జీతమెందుకు?’ ఈ మాట అనేవారు తమ నెల జీతాన్ని ఒక్క నెల పుణ్యంగా వదులుకొని చూపాలి. మన దేశంలో గడప గడపకూ తిరిగి ఆరోగ్యం చూసే ఆశా కార్యకర్తను చూడండి, పసిపిల్లలకు అన్నం పెట్టే అంగన్‌వాడీ కార్యకర్తను చూడండి. పని ప్రతిరోజూ ఉంటుంది, రిజిస్టర్లు ఉంటాయి, తనిఖీలు ఉంటాయి. కాని కాగితం మీద అది ఉద్యోగం కాదు, సేవ. వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. పని స్త్రీది అయినప్పుడే ఈ గౌరవం ఎక్కడి నుంచి పుట్టుకొస్తుందో ఏ కార్యాలయమూ చెప్పదు. త్యాగం అన్న మాట ఎంత పవిత్రమో, తక్కువ జీతానికి సాకుగా అంత సౌకర్యం. కెంటకీ స్త్రీల కథను త్యాగకథగా మార్చడం మాకు ఎందుకు నచ్చదో ఇప్పుడు చదువరులకు అర్థమయ్యే ఉంటుంది.

మన గడప

గడపకు పుస్తకం తేవడం మన నేలకు కొత్త కాదు. ఆ 1930లలోనే కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణంగారి చొరవతో పడవ గ్రంథాలయం నడిచింది. అక్కడ గుర్రం, ఇక్కడ పడవ. తేడా ఒక్కటే. అక్కడ ప్రభుత్వ వేతనం, ఇక్కడ కొందరు మంచివారి పట్టుదల. ఆ పట్టుదలకు మేము చేతులెత్తి నమస్కరిస్తాము. కాని తరం మారినప్పుడు పట్టుదల వారసత్వంగా రాదు.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాము. రెండు రాష్ట్రాల్లోనూ కడుతున్నాము. రేకుల ఇంటివారూ కడుతున్నారు, మేడ ఉన్నవారూ కడుతున్నారు. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా బకాయి పెట్టడం మామూలైపోయింది. అంటే కెంటకీవారికి 1943లో లేనిది మనకు ఉంది. చట్టం ఉంది, పద్దు ఉంది, డబ్బు వసూలవుతోంది. లేనిది సంచి భుజాన వేసుకొని మన వీధిలోకి వచ్చే మనిషి.

చదివేవారు లేరన్న సాకు కూడా చెల్లదు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో, 2001 జనగణన ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 65.1 శాతం అని చెప్పింది. కాని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటుకంటే ఎక్కువగానే ఉంది. అక్షరం వచ్చింది. చేతికి పుస్తకం రాలేదు. చదవడం వచ్చి చదవడానికేమీ దొరకని పిల్ల నాలుగేళ్లలో సగం చదువు మరచిపోతుంది. ఆ నష్టం ఏ జనగణనలోనూ కనిపించదు.

కాబట్టి మేము అడిగేవి స్పష్టంగా చెబుతున్నాము. ప్రతి మున్సిపాలిటీ గ్రంథాలయ సెస్సు వసూలును, జమను ఏటా ప్రజలకు చూపాలి. శాఖా గ్రంథాలయం లేని బస్తీలకు, తండాలకు, మారుమూల గ్రామాలకు మహిళా పుస్తక వాహకుల పోస్టులు మంజూరు చేయాలి. అవి గౌరవ వేతనపు కొలువులు కాకూడదు, జీతపు కొలువులు కావాలి. ఆ ప్రాంతపు స్త్రీలనే నియమించాలి. వారి సంచిలో తెలుగు పుస్తకంతోపాటు ఉర్దూ పుస్తకం ఉండాలి. ఉర్దూకు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా ఇచ్చినవారికి ఇది కొత్త భారం కాదు, ఇచ్చిన మాట. ముస్లిం వాడకే కాదు, దళితవాడకూ, గిరిజన గూడేనికీ ఇదే అడుగుతున్నాము. ఒక్క మన గడపకే వచ్చే పుస్తకం ఎంతోకాలం రాదు.

సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టడానికి పెద్ద చదువు అక్కర లేదు. మీ మున్సిపాలిటీ గత మూడేళ్లలో ఎంత గ్రంథాలయ సెస్సు వసూలు చేసింది, ఎంత జమచేసింది, మీ వార్డుకు ఏం వచ్చింది అని అడగండి. ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి మహిళా సంఘం ఈ నెల ఒక్కొక్క దరఖాస్తు పెట్టాలని మా విజ్ఞప్తి. ఆ నవలలు చదివి కంటతడి పెట్టిన చెల్లెళ్లకు మరీ ముఖ్యంగా చెబుతున్నాము. కసీ మేరీ మీద జాలిపడి ఊరుకోకండి. ఆమెకు దొరికిన జీతం మీ వీధిలో ఒక పిల్లకు దొరికేలా చూడండి.